చెవులపిల్లి మందు

"లాగకండి అత్తయ్యగారూ, చర్మంతో సహా ఊడొస్తుంది" అని సువార్త అనడం అది నాలుగోసారి.

మరియమ్మ వింటేగా. తెల్లకుందేలు పూతరేకుని ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుని, తలపిన్ను మొన వంచి, దాని కుడిచెవిలో పేరుకున్న గోధుమరంగు చెక్కుని గీకుతోంది. పక్కన గిన్నెలో కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె. వరండా అంతా అదే వాసన.

"ఊడి రావాలనే కదే లాగుతున్నాను. లోపల పురుగు కాపరం పెట్టి కూచుంటే పైపైన నూనె రాస్తే ఏం లాభం?"

"నూనెకి ఆ చెక్కు దానంతటదే మెత్తబడి రాలిపోద్దండి. లాగితే రక్తమొస్తుంది. దానికి చాలా నెప్పి."

"కుందేళ్ళ నెప్పులు కూడా తెలుసేంటి నీకు?"

"తెలుసండి."

మరియమ్మ పిన్ను ఆపి కోడలి మొహం చూసింది. "ఔన్లే. కువైట్లో కుందేళ్ళకి కూడా ఏసీ గదులంట కదా! మా సాలమోనుకి చిన్నప్పుడు నెత్తిన పుళ్ళు లేస్తే ఇలాగే గీకి నూనె రాసేదాన్ని. చచ్చిపోయేడా?"

మెట్ల దగ్గర ఆటో అద్దం తుడుచుకుంటున్న సాలమోను వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "చావలేదు గానీ అమ్మా, ఇప్పటికీ మంగలి ముందు తల వంచాలంటే ఒణుకే నాకు."

కుందేలు ఒక్కసారి గింజుకుంది. చెక్కు పెచ్చు ఊడి, దాని కింద ఎర్రగా తడి కనపడింది. గుమ్మంలో స్కూలు డ్రెస్సులో నిలబడి చూస్తున్న జెస్సీ గబగబా వచ్చి మామ్మ చెయ్యి పట్టుకుంది. "వదిలెయ్యి మామ్మా, నువ్వు మరీ గట్టిగా నొక్కేస్తున్నావు." తర్వాత తల్లి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీరు చూస్తారాండీ?" అని అడిగింది.

మామ్మ 'నువ్వు'. అమ్మ 'మీరు'. సువార్త వచ్చిన రోజునుంచీ వింటూనే ఉంది. అందులో కోపం లేదు. వీధిలోకి వచ్చిన టీచరుగారితో మాట్లాడినట్టే, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చే గొంతు. ఏం చెప్పినా 'ఆయ్, అలాగేనండి' అంటుంది. బాధ వెయ్యాలి కదా అనుకుంది సువార్త. వెయ్యలేదు. అలా బాధలు వెయ్యడం మానేసి చాలా కాలమైంది ఆమెకి. పన్ను పీకేముందు సూది వేస్తే కాసేపు దవడ మనది కానట్టుంటుందే, అలాగ. కువైట్లో మొదటి సంవత్సరం బాత్‌రూములో కుళాయి విప్పుకుని, ఆ చప్పుడులో ఏడ్చేది. రెండో ఏడు కుళాయి విప్పినా ఏడుపు రాలేదు. హమ్మయ్య అనుకుంది అప్పుడు.

కుందేల్ని తువ్వాలులో చుట్టి, వెనక కాళ్ళకి అరచెయ్యి ఆన్చి, గుండెకి హత్తుకుంది. అది మొహం ఆమె మోచేతి సందులో దూర్చి కదలకుండా ఉండిపోయింది. సెల్ఫోను లైటు చెవిలోకి వేసింది. పొరలు పొరలుగా, కొబ్బరి పొట్టు తడిసి ఎండినట్టు, లోపలికంటా చెక్కు కట్టి ఉంది. చెడ్డ వాసన. ఎడమచెవి కూడా అంతే.

"నేను పనిచేసే ఇంట్లో మేడమ్ గారి అమ్మాయి కుందేళ్ళకీ ఇలాగే వచ్చిందండి" అంది, ఎవర్నీ చూడకుండా. "డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళేదాన్ని. చిన్న ట్యూబు ఉంటుంది, మెడ వెనకాల బొచ్చు విడదీసి చుక్కలు వేస్తారు. పది రోజుల్లో చెవి శుభ్రపడిపోయింది."

"అయితే అదే తెచ్చేద్దాం" అన్నాడు సాలమోను. "పొద్దున్నే సెంటర్లో మందుల కొట్టుకెళ్తాను."

అది జులై ఆఖరు వారం. ఆమె తిరుగు టికెట్టు ఆగస్టు ఇరవై నాలుగున. ఇంట్లో అందరికీ తెలుసు. వెళ్తావా అని ఎవరూ అడగలేదు, ఎందుకు వెళ్తున్నావనీ అడగలేదు. తొమ్మిదేళ్ళ క్రితం వెళ్ళింది ఇల్లు కట్టుకోవాలని. ఇల్లు పూర్తయి నాలుగేళ్ళయింది. ఆ తర్వాత వెళ్ళడం అలవాటుగా మిగిలింది, అంతే. ఈ ఇంట్లో ఆమె లేకుండా జరగని పని ఒక్కటీ లేదు. వంటింట్లోకి వెళ్తే అత్తగారు "నువ్వు కూచో అమ్మాయ్, ఉన్న నాలుగు రోజులూ" అంటుంది. జెస్సీకి జడలు వేసేది మామ్మే. ఉండిపోతే ఎక్కడ కూచోవాలో సువార్తకి తెలీదు. వెళ్ళిపోతే, మళ్ళీ వచ్చేసరికి ఈ పిల్లకి పదహారో పదిహేడో. ఈ రెండింటి మధ్యా రోజులు గడుస్తున్నాయి.

పొద్దున్న సాలమోను తెచ్చిన ట్యూబు చూడగానే ఇదే అనుకుంది. చిటికెనవేలంత తెల్లటి ట్యూబు, విరిచే మూత. అట్టపెట్టె లేదు, కొట్లో ఒక్కటే విడిగా కత్తిరించి ఇచ్చారట. మీద చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. చదువుదామనిపించలేదు. తనకి తెలిసిన మందే కదా. పూతరేకుకి అన్నిటికన్నా ఎక్కువగా ఉంది కాబట్టి ముందు దానికే వేసింది. మెడ వెనక తెల్లబొచ్చు విడదీస్తుంటే జెస్సీ పక్కన కూచుని చూసింది.

"మిగతా రెండిటికీ వెయ్యరాండీ?"

"దీనికి పడితే రేపు మళ్ళీ తెప్పిద్దాం."

మిగతా రెండూ కాజా, సున్నుండ. ఒకటి గోధుమరంగు, ఒకటి బూడిదరంగు. పేర్లన్నీ జెస్సీ పెట్టినవే. కాజాకి ఒక చెవి వాలిపోయింది. సున్నుండకి పైకేమీ కనపడదు గానీ అస్తమానూ తల విదిలిస్తోంది.

ఆ సాయంత్రం పూతరేకు మునగాకు ముట్టలేదు. మర్నాడు గూటి మూలకి చేరి ముడుచుకుని కూచుంది. మూడోనాడు పొద్దున్న జెస్సీ గూడు తెరిచేసరికి పక్కకి పడిపోయి, నీళ్ళలో ఈదుతున్నట్టు నాలుగు కాళ్ళూ ఆడిస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. సువార్త ఎత్తుకుంది, నీళ్ళు తాగించబోయింది. ఎనిమిదయ్యేసరికి కాళ్ళాడడం ఆగిపోయింది.

మరియమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "బంగారంలాంటి జీవం. పిన్నుతో గీకి ఉసురు తీసేనే నేను" అని. సాలమోను అరటిబోదెల పక్కన గొయ్యి తీశాడు. జెస్సీ ఏడవలేదు. పూతరేకు నీళ్ళగిన్నె కడిగి గట్టుమీద బోర్లించింది. చేతులు గౌనుకి తుడుచుకుని, "డాడీ, మిగతా రెండూ చావకముందు ఆసుపత్రికి తీసికెళ్దాం" అంది.

ఆటోలో వెనకసీట్లో గంప, గంపకి అటూ ఇటూ తల్లీ కూతురూ. పశువుల ఆసుపత్రిలో డాక్టరు నాగసతీష్ కుర్రవాడు, నెమ్మదస్తుడు. సువార్త ట్యూబు ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వెలుగుకి పెట్టి చదివాడు.

"ఇది ఎవరిచ్చారండి?"

"కొట్లోనండి" అన్నాడు సాలమోను.

"ఇది పిల్లుల మందండి. పిల్లికి పడుతుంది. కుందేలికి విషం."

"పిల్లులదా?" సాలమోను మొహం ఎర్రబడింది. "నేను పిల్లి అనలేదండి! చెవులపిల్లి అన్నాను. మా చెవులపిల్లికి చెవుల్లో గజ్జి, మెడమీద వేసే చుక్కలివ్వండి అని సుబ్బరంగా చెప్పేను."

"చెవులపిల్లి అంటే కుందేలని అందరికీ తెలీదు కదండీ."

"మా ఊళ్ళో తెలీనోడెవడండి?"

"కొట్లో కుర్రాడిది మీ ఊరు కాదేమో." డాక్టరు ట్యూబుని కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. "వాడికి పిల్లి అనీ, చెవుల్లో గజ్జి అనీ వినపడుంటుంది. నన్నడిగినా పిల్లి మందే ఇద్దునేమో."

సువార్త కంటికి ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలే ఆనుతున్నాయి. సాలమోను చెవులపిల్లి అన్నాడు, కొట్లో కుర్రాడు పిల్లి అనుకున్నాడు. వేసింది మాత్రం తను. కువైట్లో అయితే అక్షరం అక్షరం చదివి గానీ మేడమ్ పిల్లలకి చుక్క మందు పట్టేది కాదు. ఇక్కడ నాకన్నా తెలిసినవాళ్ళెవరున్నార్లే అనుకుంది. ఇంతా తెలిసి కూడా గుండెలో ఏ మూలా కలుక్కుమనలేదు. దానికే ఆమెకి కొంచెం భయం వేసింది.

డాక్టరు కాజా చెవిలోంచి పొట్టు కాస్త తీసి, గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపులో చూశాడు. "చూస్తావా పాపా?"

జెస్సీ ఒక కన్ను మూసి చూసింది. చాలాసేపు చూసింది. "కదుల్తున్నాయండీ! కాళ్ళున్నాయి వాటికి."

"ఎనిమిది. అవే పురుగులు. ఇప్పుడు నేనిచ్చే సూది వీటిని చంపుద్ది గానీ గుడ్లని చంపదు. అందుకని గుడ్లు పిల్లలయ్యాక మళ్ళీ సూది. మొత్తం మూడు, పద్నాలుగు రోజులకొకటి. ఇవాళ రెండో తారీఖు. మళ్ళీ పదహారు, ఆ తర్వాత ముప్ఫై. పైకి కనపడకపోయినా రెండిటికీ వెయ్యాలి. గూడు మరిగే నీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి. కింద గడ్డి కాల్చెయ్యండి. చెవుల్లో ఉత్త నూనె రెండు చుక్కలు, కర్పూరం గిర్పూరం వద్దు. చెక్కులు మాత్రం లాగొద్దు, వాటంతటవే రాలతాయి."

సూది మెడమీద వదులు చర్మం కింద వేశాడు. పట్టుకున్నది సువార్త. రెండు కుందేళ్ళూ కిక్కురుమనలేదు.

ఇంటికొచ్చాక సాలమోను ఊరుకోలేక కొట్టుకెళ్ళి వచ్చాడు. "ఏమన్నాడ్రా?" అని మరియమ్మ అడిగింది.

"మీరే కదండీ పిల్లి అన్నారు అంటాడు. చెవులపిల్లి అన్నాన్రా అంటే, ఏ పిల్లికి మాత్రం చెవులుండవండీ అంటాడు."

మరియమ్మకి నవ్వొచ్చింది. నవ్వి, వెంటనే పూతరేకు గుర్తొచ్చి, పైట చెంగుతో కళ్ళొత్తుకుంది. అత్తగారికి ఇవన్నీ ఎంత తేలిగ్గా వచ్చేస్తాయో అనిపించింది సువార్తకి.

ఆ రెండు వారాలూ పొద్దున్నే గూటి పని తల్లీ కూతుళ్ళది. పెద్ద డేగిసాలో నీళ్ళు మరగబెట్టడం, వలమీదా చెక్కలమీదా పొయ్యడం, ఎండ కాసినంతసేపూ ఆరబెట్టడం. వానొస్తే గూడు వరండాలోకి లాగడం. వరదనీళ్ళొచ్చి కాలవ ఎర్రగా పారుతోంది, గడ్డంతా బురదే. అందుకని సువార్త దొడ్లో మునగాకు దూసి, కడిగి, ఆరబెట్టి వేసేది. నూనె వెయ్యడం జెస్సీకి నేర్పింది.

"మెడ పట్టుకోకు. కింద నుంచి చెయ్యి పెట్టు. వెనక కాళ్ళు గాల్లో ఉంటే బెదురుద్ది, తన్నుకుని నడుం విరగ్గొట్టుకుంటుంది."

"ఇలాగాండీ?"

"ఆఁ. చెవి మొదట్లో వేలితో మెల్లిగా రాయి. గుజ్జు గుజ్జు చప్పుడొస్తుంది చూడు. నూనె లోపలికి దిగినట్టు."

"వస్తోందండి." జెస్సీ చెవి ఒగ్గి విని తలూపింది. "మీరు వెళ్ళాక నేనే చెయ్యాలి కదండీ. రాసుకుంటాను." నోటుబుక్కులో రాసుకుంది కూడా: నూనె ఎన్ని చుక్కలు, ఎన్ని రోజులకి.

అది రాస్తుంటే వంగిన మెడ వెనక పాపిడి చూస్తూ కూచుంది సువార్త. కాస్త వంకరగా ఉంది. మరియమ్మకి చూపు తగ్గింది కాబోలు.

పదోరోజుకి కాజా చెవిలోంచి చెక్కులు పెచ్చులు పెచ్చులుగా రాలాయి. కింద లేత గులాబీరంగు చర్మం, సన్నటి నూగు. సున్నుండ తల విదిలించడం మానేసింది. మరియమ్మ కళ్ళజోడు తెప్పించుకుని మరీ చూసి, "ఏదీ, లాక్కుండానే పోయిందే!" అని, కోడలి వైపు చూడకుండా లోపలికి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చి ఇచ్చింది.

మేడమ్ అప్పుడప్పుడూ వీడియో కాల్ చేసేది. వాళ్ళ చిన్నకొడుకు ఫోనుకి మొహం ఆన్చి 'సూ, సూ' అని పిలిచేవాడు. సువార్త అనడానికి నోరు తిరక్క వాడు పెట్టుకున్న పేరు. ఎన్ని రాత్రులు నిద్రపోవాలి నువ్వొచ్చేలోగా అని వాడడిగితే వేళ్ళు చూపించేది. ఆ వేళ్ళు తగ్గుతూ వచ్చాయి.

పదహారో తారీఖు శనివారం. రెండో సూదికి ముగ్గురూ వెళ్ళారు. డాక్టరు రెండిటి చెవులూ లైటు వేసి చూసి బావుందన్నాడు. సువార్త పట్టుకుంటే సూది వేశాడు. చీటీ మీద ముప్ఫయ్యో తారీఖు వేస్తూ, "మూడోదానికి కూడా మీరే రండమ్మా. పట్టుకోవడం మీకు బాగా చాతనవును. మావాళ్ళకి కూడా రాదు" అన్నాడు.

సువార్త ఏదో అనేలోపు జెస్సీ చెప్పింది. "అప్పటికి ఆవిడ ఉండరండి. నేను పట్టుకుంటాను, నేర్పించేరు."

"ఎక్కడికెళ్తున్నారు?"

"కువైట్ అండి. ఇరవై నాలుగున."

స్కూల్లో టీచరు పట్టీలో పుట్టినతేదీ అడిగితే చెప్పినట్టు చెప్పింది. చీటీ తీసుకుని రెండు మడతలు పెట్టి నోటుబుక్కులో దాచుకుంది. డాక్టరు తలూపి తర్వాతి వాళ్ళని పిలిచాడు.

ఆ గొంతు సువార్తకి తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఏజెంటుతో, ఎయిర్‌పోర్టులో ఆఫీసర్లతో, ఫోనులో ఇంటివాళ్ళతో తను మాట్లాడే గొంతు అది. ఈ పిల్లకి పదమూడేళ్ళు.

సాలమోను దారిలో ఆటో ఆపి, ఎవరో కనపడితే దిగి మాట్లాడుతున్నాడు. గంపలో కుందేళ్ళు ఆకు నములుతున్నాయి. సువార్త రోడ్డు వైపు చూస్తూనే అడిగింది.

"పూతరేకు పోయినరోజు నీకు ఏడుపు రాలేదా?"

జెస్సీ కాస్త ఆలోచించింది. "వచ్చిందండి. ఆపేసుకున్నాను."

"ఎలా?"

"నాలిక చివర పళ్ళ మధ్య పెట్టి గట్టిగా నొక్కితే ఆగిపోద్దండి. ముందు రెండుమూడుసార్లు నెప్పెడుతుంది. తర్వాత అలవాటైపోద్ది. ఇప్పుడు నొక్కక్కర్లేదు కూడా, అనుకుంటే చాలు."

"ఎవరు నేర్పేరు?"

"ఎవరూ నేర్పలేదండి. మీరు రెండోసారి వెళ్ళేరు కదా, అప్పుడు రైల్వేస్టేషన్లో ఏడిస్తే డాడీ కూడా ఏడ్చేరు. అందుకని." గంపమీద గోనెపట్టా సర్దింది. "సున్నుండకి గాలాడట్లేదండి."

సువార్త కాళ్ళ దగ్గర్నుంచి గంపని కొంచెం జరిపింది. అప్పుడీ పిల్లకి ఆరేళ్ళు. అంటే తనకి కుళాయి కింద ఏడుపు రావడం ఆగిపోయిన ఒకటి రెండేళ్ళకే, ఇక్కడ ఈ పిల్ల కూడా ఆపుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు దాన్ని దగ్గరికి తీసుకోవాలి కాబోలు అనుకుంది. చెయ్యి లేవలేదు. తీసుకుంటే ఆ పిల్ల ఏం చేస్తుందో కూడా తెలుసు. బిగుసుకుని, మర్యాదగా, వదిలేదాకా ఆగుతుంది.

ఆ సాయంత్రం కాలవగట్టు దాకా నడిచివెళ్ళి, అక్కడ నిలబడి మేడమ్‌కి ఫోను చేసింది. మేడమ్ ముందు నవ్వింది, తర్వాత కోప్పడింది, తర్వాత పిల్లాడికి ఏం చెప్పమంటావని అడిగింది. సువార్త రానన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పింది. ఏజెంటుకి కూడా చేసి చెప్పింది. ఫోను పెట్టేశాక, తేలికవుతుందేమో, కనీసం గుండె దడ అయినా వస్తుందేమో అని కాసేపు నిలబడి చూసింది. ఏమీ రాలేదు. ఎర్రనీళ్ళలో గుర్రపుడెక్క కొట్టుకుపోతోంది. ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టింది.

మర్నాడు ఆదివారం. గుడినుంచి వచ్చేసరికి ఒంటిగంటయింది. మరియమ్మ కోడికూర దింపి, వరండాలో చాప వేసి అందరికీ వడ్డించింది. కూచుంటూనే లెక్కలు మొదలుపెట్టింది.

"శుక్రవారం కొబ్బరి లౌజు చేస్తాను అమ్మాయ్. ముందే చేస్తే వాసనొచ్చేస్తుంది. ఆవకాయ డబ్బాకి మూత సరిగ్గా పడట్లేదు, పోయినసారి చీరలన్నీ నూనయ్యేయన్నావు కదా."

"టేపు చుడతాలే" అన్నాడు సాలమోను. "రాజమండ్రి దాకా మన ఆటో వద్దు, కారు చెప్పేను. శనివారం మధ్యాన్నం బయల్దేరితే సరిపోద్ది. జెస్సీ, నీకు పరీక్షలున్నాయా అప్పుడు?"

"లేవు డాడీ. కానీ నేను స్టేషన్‌కి రాను. కుందేళ్ళకి ఆకు వెయ్యాలి."

"ఒక్కపూట మామ్మ వేస్తుందిలే."

"మామ్మ తడాకు వేసేస్తుంది."

"వెయ్యనే! నాకు మాత్రం తెలీదేంటి" అంది మరియమ్మ, మనవరాలి పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ.

సువార్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. గొంతు పెంచలేదు.

"కారు వద్దని చెప్పెయ్యండి. అత్తయ్యగారూ, లౌజు చేస్తే చెయ్యండి గానీ ఇంట్లోకే చెయ్యండి. నేను వెళ్ళడం లేదు. నిన్న సాయంత్రం మేడమ్‌కీ ఏజెంటుకీ ఫోను చేసి చెప్పేశాను. ఈసారికి మానడం కాదు, ఇంక వెళ్ళను. మీరెవరూ అడక్కముందే చెప్పేస్తున్నాను. అడిగితే మళ్ళీ ఆలోచనలో పడతానేమోనని."